జింక చిన్నదిగా పడితే నష్టమేంటి?

600 ఎంఎం ఎఫ్/4 లెన్సు ఒకటి కొత్తది కొనాలంటే ఇవాళ పది లక్షల రూపాయలు దాటుతుంది. అది లెన్సు ఒక్కదాని ధర. బాడీ, ట్రైపాడ్, బ్యాగు వేరే. వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రఫీ అనగానే డిగ్రీ, బీటెక్ కుర్రాళ్ల మనసులో ముందుగా మెదిలేది ఈ లెన్సే. అది లేకపోతే పులి కళ్లు ఎలా వస్తాయి సార్ అని అడుగుతుంటారు. అప్పు చేసైనా కొందామని ఈఎంఐ లెక్కలు వేసుకునేవాళ్లు కొందరు. చేతిలో ఉన్నది కెమెరాతోపాటు వచ్చిన 18-55, మహా అయితే ఓ 55-250. దీంతో అడవి జంతువులు మనవల్ల కాదులే అని కెమెరాను బీరువాలో పెట్టేసినవాళ్లు ఇంకొందరు.

నన్నడిగితే ఇద్దరిదీ ఒకటే పొరపాటు. జంతువు ఫ్రేమంతా నిండాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. ఫ్రేమ్‌లో ఇరవయ్యో వంతో, యాభయ్యో వంతో జంతువు ఉంటుంది. మిగతాదంతా నీళ్లు, గడ్డి, పొగమంచు, ఆకాశం. ఇలాంటి ఫొటోలనే మినిమలిస్ట్ వైల్డ్‌లైఫ్ అంటున్నారు. చిన్న లెన్సు ఉన్నవాడు గతిలేక తీసే రెండో రకం సరుకని చాలామంది అనుకుంటారు. అబ్బే, అదేం లేదు. ఉద్యోగం వెతుక్కుంటూ, కెమెరా మీద కూడా కన్నేసిన విద్యార్థి మొదట నేర్వాల్సింది ఇదేనని నేనంటాను.

ముందు డబ్బు లెక్క చూద్దాం. 24 మెగాపిక్సెల్ కెమెరా అంటే అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలు. దూరాన ఉన్న జింకను 250 ఎంఎంతో తీసి, ఇంటికొచ్చి దాని చుట్టూ పావు వంతు వెడల్పు మిగిలేలా కత్తిరించారనుకోండి. చేతికొచ్చేది 1500, 1000. ఒకటిన్నర మెగాపిక్సెల్ అన్నమాట. అచ్చుకు మామూలుగా అడిగే 300 డీపీఐ చొప్పున అది అయిదంగుళాల వెడల్పు. ఫోన్లో ముచ్చటగానే ఉంటుంది, పోస్టర్‌కు పనికిరాదు. అదే జింకను దాని చుట్టూ ఉన్న మైదానంతో సహా ఆలోచించి తీస్తే ఒక్క ముక్క కూడా కోయక్కర్లేదు. మొత్తం 20 అంగుళాలూ మీ చేతిలో ఉంటాయి. అదే కెమెరా, అదే లెన్సు, అదే జింక.

అయినా మనకిది తేలిగ్గా మింగుడుపడదు, ఎందుకంటే ఖాళీ చూస్తే మన కన్నుకు తోచదు. మీ ఊరి సెంటర్లో ఫ్లెక్సీ చూడండి. పెద్ద మొహం ఒకటి, పైన గుండ్రాల్లో వరసగా చిన్న మొహాలు, వాటి మధ్య జానెడు చోటు మిగిలితే అక్కడో పూలదండ. పెళ్లి ఆల్బమ్ కూడా అంతే. ఖాళీ వదిలితే డబ్బు దండగ అన్న లెక్క. కానీ అదే ఊళ్లో తెల్లారి వాకిట్లో ముగ్గు వేసే అమ్మకు ఖాళీ విలువ బాగా తెలుసు. చల్లిన కళ్లాపి నేల నల్లగా మిగిలితేనే పిండి గీత తెల్లగా లేస్తుంది. వాకిలంతా పిండి పోస్తే ముగ్గెక్కడుంటుంది?

ఫ్రాన్స్‌కు చెందిన విన్సెంట్ మునియే అనే ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. పేరు వెతికి ఆయన తీసిన ఆర్కిటిక్ తోడేళ్ల ఫొటోలు చూడండి. తెల్లటి మంచులో తెల్లటి తోడేలు. ముందు ఏమీ కనిపించదు. కాసేపటికి రెండు కళ్లు, ఓ ముక్కు బయటపడతాయి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే 'వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్' పోటీలో యువ ఫొటోగ్రాఫర్లకిచ్చే ఎరిక్ హోస్కింగ్ అవార్డును 2000, 2001, 2002 సంవత్సరాల్లో వరసగా మూడుసార్లు అందుకున్నాడాయన. టిబెట్‌లో మంచు చిరుత కోసం ఆయన తిరిగిన తిరుగుడు మీద 2021లో 'ది వెల్వెట్ క్వీన్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. అందులోని ముచ్చట ఒకటి నాకు బాగా ఇష్టం. ఓ రాతి గుట్ట మీద వాలిన డేగను మునియే ఫొటో తీశాడు. చాలా రోజుల తర్వాత ఇంట్లో కూర్చుని ఆ ఫొటో చూస్తుంటే, పక్కన రాతి అంచు మీది నుంచి ఓ మంచు చిరుత తలెత్తి తిన్నగా తనవైపే చూస్తోంది. తీసినప్పుడు ఆయనకది కనిపించనే లేదు. డేగ తల ఒక్కటే ఫ్రేమ్ నిండా బిగించి ఉంటే ఆ చిరుత ఎప్పటికీ దొరికేది కాదు.

జపాన్‌కు చెందిన మిచియో హోషినో కథ మీ వయసువాళ్లకు ఇంకా దగ్గరగా ఉంటుంది. టోక్యోలో చదువుకునే రోజుల్లో పాత పుస్తకాల కొట్లో దొరికిన అలాస్కా పుస్తకంలో షిష్‌మారెఫ్ అనే చిన్న ఊరి ఫొటో చూశాడు. ఆకాశం నుంచి తీసిన ఫొటో. చుట్టూ ఏమీ లేని చోట నాలుగు ఇళ్లు. ఇక్కడ మనుషులు ఎలా బతుకుతున్నారో చూడాలనిపించి ఆ ఊరి మేయర్‌కు ఉత్తరం రాశాడు. పేరు తెలియదు, 'మేయర్, షిష్‌మారెఫ్' అనే రాశాడు. అర్ధ సంవత్సరం తర్వాత రమ్మని జవాబొచ్చింది. 1973లో వెళ్లి ఓ వేసవంతా అక్కడే ఉన్నాడు. తర్వాత ఆయన ఏళ్ల తరబడి తీసిన కారిబూ జింకల ఫొటోలు చూస్తే ఆ ఊరి ఫొటో గుర్తొస్తుంది. పెద్ద కొండలు, నది, కిందెక్కడో బారులు తీరిన చుక్కలు. ఆ చుక్కలే జింకలు. 1996లో రష్యాలోని కంచట్కాలో ఎలుగుబంటి దాడిలో ఆయన చనిపోయాడు.

మంచు, అలాస్కా మనకెక్కడివి అంటారా? మన దగ్గరున్నవి చెప్పుకుందాం.

ఈ రకం ఫొటోకు జంతువును వెతుక్కుంటూ పోనక్కర్లేదు. చోటును వెతకాలి. ఒకే రంగులో, ఒకే తీరులో పరుచుకున్న చోటు. శీతాకాలం పొద్దున్నే మంచు దిగిన చెరువు. వేసవిలో ఎండి బీటలిచ్చిన అదే చెరువు. ఉప్పు మడులు. నాట్లకు ముందు దమ్ము చేసిన మడి: బురద నీళ్లు అద్దంలా నిలిచి, ట్రాక్టర్ వెనక కొంగలు బారుగా నడుస్తుంటాయి. తెలంగాణ గ్రానైటు గుట్టలు. రోడ్డు పక్క కరెంటు తీగ మీద పాలపిట్ట. దసరాకు దాన్ని చూస్తే మంచిదని పంజరంలో పెట్టి చూపించి డబ్బులు అడిగే మనుషులున్న రాష్ట్రాల్లో, దాన్ని దాని తీగ మీదే తీగంత పొడవు ఆకాశంతో తీయడం నా దృష్టిలో చిన్న పని కాదు.

చోటు దొరికాక ఫ్రేమ్ ముందే కట్టుకుని కూర్చోండి. జంతువు వచ్చి అందులోకి నడిచేదాకా ఆగడమే మీ పని. 2020లో వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ గెలిచిన ఫొటో అలా తీసిందే. రష్యాకు చెందిన సెర్గేయ్ గోర్ష్‌కోవ్, పులులు వాసన గుర్తులు వదిలి వెళ్లే ఓ చెట్టును ఎంచుకుని, ఎదురుగా సెన్సర్ కెమెరా బిగించాడు. ఆ చెట్టును కావలించుకుని ఒళ్లు రుద్దుకునే ఆడపులి ఫొటో 11 నెలలు దాటాక దొరికింది. అది గెలిచిన విభాగం పేరు 'యానిమల్స్ ఇన్ దెయిర్ ఎన్విరాన్‌మెంట్'. ఉన్న చోట జంతువులు అనుకోండి. మీకు 11 నెలలు అక్కర్లేదు, రెండు గంటలు చాలు. ఆ రెండు గంటలూ ఫోన్ బయటికి తీయకుండా కూర్చోగలరా అన్నదే సంగతి.

జంతువు చిన్నదైనప్పుడు దాని ఆకారమే దాని ముఖం. ఈ ఒక్కటి పట్టుకుంటే సగం పని అయినట్టే. మెడ ముడుచుకుని నిద్రపోతున్న కొంగ దూరం నుంచి తెల్ల గుడ్డ మూటలా ఉంటుంది. అదే కొంగ మెడ సాచి నీళ్లలోకి చూస్తే ఓ గీత అవుతుంది. కృష్ణజింక వీపు తిప్పి నిలబడితే నల్లటి ముద్ద. పక్కకు తిరిగి, మెలికల కొమ్ములు ఆకాశం మీదికి లేస్తే, వేలిగోరంత ఉన్నా పోల్చుకుంటాం. నాలుగు కాళ్లూ విడివిడిగా కనిపించే క్షణం కోసం చూడండి. రెండు జింకలు ఒకదాని మీద ఒకటి పడితే ఆరు కాళ్ల వింత జీవి తయారవుతుంది. వాటి మధ్య వెలుతురు సందు వచ్చేదాకా బటన్ నొక్కొద్దు.

ఎక్కడ నిలబడాలన్నది ఇంకా ముఖ్యం. నేల మీద కూర్చుని తీయండి, కన్నుకు కన్ను కలవాలి అని యూట్యూబ్‌లో అందరూ చెబుతారు. దగ్గరి ఫొటోలకది నిజమే. చెరువు దగ్గర మాత్రం ఆ మాట వింటే దెబ్బతింటారు. కూర్చుంటే కొంగ వెనక అవతలి ఒడ్డు మొత్తం వచ్చి చేరుతుంది. ఇళ్లు, స్తంభాలు, సెల్ టవర్, ఆరేసిన చీరలు. లేచి కట్ట మీద నిలబడండి. కొంగ వెనక నీళ్లు తప్ప ఏమీ ఉండవు. గడ్డిమైదానంలో దీనికి తిరగబడుతుంది. కింద కూర్చుంటేనే జింక ఆకాశం మీదికి లేస్తుంది. క్షితిజరేఖ మాత్రం దాని మెడను కోస్తూ పోకుండా చూసుకోండి.

ఫ్రేమ్ అంచుల చుట్టూ ఓసారి కన్ను తిప్పండి. మూలన పొడుచుకొచ్చిన రెల్లు పుల్ల, తేలుతున్న ప్లాస్టిక్ కవర్, ఓ మెరుపు. ఫ్రేమ్ నిండుగా ఉన్న ఫొటోలో ఇవి ఎవరికీ పట్టవు. ఖాళీ ఫొటోలో చూసేవాడి కన్ను మొదట వాటి దగ్గరికే పోతుంది. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో చెరిపేద్దాంలే అనుకోకుండా రెండడుగులు పక్కకు జరగండి. జంతువును మూడో వంతు గీత మీదే పెట్టాలన్న రూలు గురించి మరీ బెంగ పెట్టుకోవద్దు. అది చూస్తున్న వైపు, నడుస్తున్న వైపు చోటు వదిలితే చాలావరకు సరిపోతుంది. నీళ్లలో నీడ నిలకడగా ఉంటే నడిమధ్యలో పెట్టినా బాగుంటుంది.

ఇక సెట్టింగుల సంగతి. నల్లటి నీళ్ల మీద తెల్ల పక్షి ఉంటే కెమెరా మోసపోయి పక్షిని సున్నంలా కొట్టేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ తగ్గించండి. పొగమంచులో అయితే బూడిద రంగు చేసేస్తుంది. ఒక స్టాప్ పెంచండి. ఫోకస్‌కు ఒకే పాయింట్ వాడండి, లేకపోతే కెమెరా ముందున్న గడ్డిపరకను పట్టుకుంటుంది. ఎండెక్కాక మన దగ్గర నేల మీద గాలి మరుగుతున్నట్టు కదులుతుంది. దూరపు ఫొటో అందులో ఎంత ఖరీదు లెన్సుతో తీసినా మెత్తబడిపోతుంది. అందుకే సూర్యోదయం నుంచి రెండు గంటలే మీ డ్యూటీ టైము.

అన్ని ఖాళీ ఫొటోలూ మంచివేం కావు. ఆకాశంలో ఏదో చుక్క పెట్టేసి 'మినిమల్' అని హ్యాష్‌ట్యాగ్ తగిలించేవాళ్లు బోలెడు మంది ఉన్నారు. నేను వాడే పరీక్ష చెబుతాను. జంతువును వేలితో కప్పండి. ఫొటోకు ఏమీ లోటు అనిపించకపోతే అది లాండ్‌స్కేప్ ఫొటో. జంతువును అలాగే ఉంచి చుట్టూ ఉన్నది కప్పండి. అప్పుడూ లోటు తెలియకపోతే దగ్గరికెళ్లి తీయాల్సిన ఫొటోను దూరం నుంచి తీశారని అర్థం. రెండుసార్లూ ఏదో పోయిందనిపిస్తేనే దాన్ని దాచండి.

ఇన్‌స్టాలో దీనికి లైకులు రావు అంటారు. ఒప్పుకుంటాను. అరచేతి తెర మీద, అర సెకను చూపులో పులి మొహం గెలుస్తుంది. కానీ అచ్చులో, గోడ మీద, తెర మీద పరిస్థితి వేరు. అసలు కొన్ని విషయాలు దూరపు ఫొటోలోనే చెప్పగలం. నంద్యాల జిల్లాలో రోళ్లపాడు ఉంది. బట్టమేకపిట్ట కోసం 1988లో ఏర్పాటైన అభయారణ్యం. కృష్ణజింకలు కూడా ఉంటాయక్కడ. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువది. ఆ జింక మొహం మాత్రమే తీస్తే జూలో తీశారో, రోళ్లపాడులో తీశారో ఎవరు చెప్పగలరు? దాని చుట్టూ మోకాలెత్తు గడ్డి, చెట్టూ చేమా లేని మైదానం కనిపిస్తే, రికార్డుల్లో బంజరు అని రాసేసే ఇలాంటి నేల మీదే ఒక జీవి మొత్తం బతుకు ఆధారపడి ఉందని చూసినవాడికి అర్థమవుతుంది. బట్టమేకపిట్టకు ఎదురుగా ఉన్నవి సరిగా కనిపించవు, కరెంటు తీగలకు కొట్టుకుని చస్తుంది. రాజస్థాన్, గుజరాత్‌లలో ఆ తీగలను భూమిలోకి దించాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది, 2024లో ఆ ఆదేశాన్ని సవరించింది. ఈ వివాదాన్ని ఒక్క ఫొటోలో చూపించాలంటే పక్షీ తీగా రెండూ ఒకే ఫ్రేమ్‌లో ఉండాలి. పక్షి పెద్దదిగా ఉంటే తీగకు చోటెక్కడిది?

దూరం నుంచి తీయడం వల్ల ఇంకో మేలు. పక్షిని లేపాల్సిన పని లేదు. ఎగిరే ఫొటో కోసం రాళ్లు వేసేవాళ్లను, గూటి దగ్గర కొమ్మలు విరిచేవాళ్లను, ఫోన్లో పక్షి కూత పెట్టి పిలిచేవాళ్లను నేను చూశాను. గూడు వదిలి తల్లి లేస్తే ఎండకు గుడ్లు, పిల్లలు పోతాయి. అంతకుమించి దానికి వివరణ అక్కర్లేదు. అభయారణ్యాల్లో ఫొటోలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి; డ్రోన్ సరదా అక్కడ అస్సలు వద్దు. ఊరి చెరువుకు, పొలం గట్టుకు ఆ గొడవ లేదు.

తప్పుడు ఫొటో సంగతీ ఇక్కడే చెప్పాలి. నక్షత్రాల కింద మెరిసే చెదపుట్ట, పక్కన దాన్ని తినడానికొచ్చిన యాంట్‌ఈటర్. బ్రెజిల్‌లో తీసిన ఆ ఫొటో లండన్ పోటీలో 2017లో ఇదే 'యానిమల్స్ ఇన్ దెయిర్ ఎన్విరాన్‌మెంట్' విభాగం గెలిచింది. అందులో ఉన్నది ప్రాణమున్న జంతువు కాదు, తోలు నింపి నిలబెట్టిన బొమ్మ అని తేల్చి 2018లో మ్యూజియం బహుమతి వెనక్కి తీసుకుంది. తీసినాయన ఒప్పుకోలేదనుకోండి, బహుమతి మాత్రం తిరిగి రాలేదు. పనిచ్చేవాళ్లు మీ రా ఫైళ్లు అడగొచ్చు. ఖాళీ కోసం సాఫ్ట్‌వేర్‌లో స్తంభాలు చెరిపేసిన ఫొటోను వార్తగా, సాక్ష్యంగా ఇవ్వకండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. దీంతో ఉద్యోగం వస్తుందా?

గ్రూప్-2కు వచ్చినట్టు వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ పోస్టుకు నోటిఫికేషన్ రాదు. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు వస్తుంది, అది వేరే దారి. జంతువుల ఫొటోలు మాత్రమే తీసి ఇల్లు గడుపుకొనేవాళ్లు దేశం మొత్తమ్మీద చాలా తక్కువ. ఈ మాట దాచిపెట్టి మీకు కోర్సులు అమ్మేవాళ్లను నమ్మొద్దు. కానీ ఫ్రేమ్‌లో ఏం ఉంచాలో, ఏం తీసేయాలో తెలిసిన కన్నుకు పని దొరికే చోట్లు ఉన్నాయి. పర్యావరణ సంస్థల ప్రచార విభాగాలు, పర్యాటక బ్రోచర్లు, డాక్యుమెంటరీ యూనిట్లలో కెమెరా అసిస్టెంట్, డిజైన్ స్టూడియోలు, పత్రికలు. పోస్టర్ వేసేవాడికి, కవర్‌పేజీ చేసేవాడికి కావాల్సింది అక్షరాలు పట్టే చోటున్న ఫొటో. దానికి వాళ్ల భాషలో 'కాపీ స్పేస్' అని పేరే ఉంది. పులి మొహం నిండిన ఫొటో మీద హెడ్డింగ్ ఎక్కడ పెడతారు? మీరు ఎడమ వైపు వదిలిన పొగమంచు మీద హాయిగా పెట్టుకుంటారు. ఇంకా చదవాలనుకుంటే హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో ఫొటోగ్రఫీ బీఎఫ్‌ఏ, ఎన్‌ఐడీ గాంధీనగర్ క్యాంపస్‌లో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎండిజైన్ ఉన్నాయి.

పోర్ట్‌ఫోలియోలో వంద ఫొటోలు పెట్టొద్దు, పన్నెండు చాలు. అందులో ఏడెనిమిది ఒకే చెరువువైతే మరీ మంచిది. నాలుగు కాలాల్లో ఒకే చోటుకు మళ్లీ మళ్లీ వెళ్లాడంటే వీడు పని మధ్యలో వదిలేసే రకం కాదని ఎదుటివాళ్లకు చెప్పకుండానే తెలుస్తుంది. ప్రతి ఫొటో కింద తెలుగులో, ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు రాయండి. ఏ జీవి, ఎక్కడ, ఏ తేదీ, ఏం చేస్తోంది. ఫొటో బాగున్నా ఈ రెండు వాక్యాలు రాయలేక వెనకబడేవాళ్లే ఎక్కువ. ఇంటర్వ్యూలో 'ఈ జింక ఇంత చిన్నగా ఎందుకుంది?' అని అడిగితే లెన్సు లేదని చెప్పకండి. అది ఏ గడ్డి మీద, దేనికి ఎంత దూరంలో ఉందో చెప్పండి.

మొదలెట్టడానికి ఒక చోటు కావాలంటే పులికాట్ సరస్సు. గూడూరు, చెన్నై మధ్య తిరిగే రైలెక్కి సూళ్లూరుపేటలో దిగితే, శ్రీహరికోట రోడ్డు సరస్సు మీదుగానే పోతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక నీళ్లు చేరతాయి, చలికాలంలో ఫ్లెమింగోలు వస్తాయి. గాలి లేని పొద్దున నీళ్లకూ ఆకాశానికీ మధ్య గీత కనిపించదు. ఆ తెల్లదనం మీద గులాబీ రంగు చుక్కలు వరసగా, తలలు నీళ్లలో ముంచి నడుస్తుంటాయి. అవి దగ్గరికి రావు. 55-250 సరిపోతుంది. షార్ గేటు వైపు మాత్రం కెమెరా తిప్పకండి, సెక్యూరిటీవాళ్లతో మాట్లాడుతూ ఉంటే వెలుతురు అయిపోతుంది.